చేర్చుకోవడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఇంకో ఎత్తు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు జర్నలిస్టు సంఘాల్లో తిరిగేవాళ్లవే. విజయవాడ నుంచి వచ్చినా గుంటూరు నుంచి వచ్చినా గోడు ఇంచుమించు ఒకటే: కొత్తవాళ్లు రావడం లేదు, వచ్చినవాళ్లు ఉండటం లేదు. అందుకే ఈ సంచికను సభ్యత్వం సంగతికే కేటాయించాం.

ప్రశ్న: మా యూనిట్‌లో రిపోర్టింగ్, డెస్కు, ఫొటో, పేజీ డిజైన్ కలిపి 64 మందిమి. సంఘంలో ఉన్నది 9 మందే. ఎవరిని అడిగినా ‘చూద్దాంలే అన్నా’ అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఓ సబ్ ఎడిటర్, విజయవాడ)

జవాబు: ‘చూద్దాంలే’ అన్నవాడు కాదనలేదు. మళ్లీ ఎవరూ వచ్చి అడగరన్న ధీమాతో ఆ మాట అన్నాడు. చాలాచోట్ల ఆ ధీమా వమ్ము కాదు. కరపత్రం చేతిలో పెట్టి, వాట్సాప్ గ్రూపులో ఓ మెసేజ్ పడేసి సంఘం వాళ్లు ఊరుకుంటారు.

కరపత్రం సంగతి తర్వాత చూడొచ్చు. ముందు ఒక తెల్లకాగితం తీసుకుని 64 పేర్లూ రాయండి. పక్కన ఐదు గళ్లు గీయండి: ఏ డెస్కు, ఏ షిఫ్టు, వీక్లీ ఆఫ్ ఎప్పుడు, గతంలో సభ్యుడా, టీకి ఎవరితో వెళ్తాడు. చివరి గడి చూసి నవ్వొద్దు, అన్నిటికన్నా పనికొచ్చేది అదే. ప్రతి డెస్కులోనూ నలుగురూ మాట వినే మనిషి ఒకరుంటారు. ఆయనకు హోదా ఉండకపోవచ్చు. పీఎఫ్ అడ్వాన్సుకు ఎలా పెట్టాలి, సెలవు ఇవ్వనంటే ఏం చేయాలి అని అందరూ వెళ్లి అడిగేది మాత్రం ఆయన్నే. ఆయన చేరితే ఐదుగురు చేరినట్టు. సంఘం గురించి గట్టిగా మాట్లాడేవాడు, ఈ మనిషి ఒకరే అయ్యేది తక్కువ.

మిగిలిన 55 మందిని మీ తొమ్మిది మందీ పంచుకోండి. తలా ఆరు పేర్లు, ఒకరికి మాత్రం ఏడు. షిఫ్టు కలిసినవాళ్లకే ఇవ్వండి. పగటి బీటు రిపోర్టర్ వచ్చి రాత్రి డెస్కులో సభ్యత్వం అడిగితే ‘వీడికేం తెలుసు మా బాధ’ అనుకుంటారు, అందులో తప్పూ లేదు. గతంలో ఉండి మానేసినవాళ్లతో మొదలుపెట్టండి. ఎందుకు మానేశారో వాళ్లు చెబితే మిగతావాళ్ల దగ్గరకు ఏం తీసుకెళ్లాలో తెలుస్తుంది. సంఘమంటే గిట్టనివాళ్ల జోలికి ఇప్పుడే పోవద్దు.

రాత్రి 9 నుంచి పేజీలు ప్రెస్సుకు వదిలేదాకా ఎవరినీ కదపొద్దు. పేజీ వెళ్లాక టీ కొట్టు దగ్గరో, మర్నాడు మధ్యాహ్నం డ్యూటీకి ముందో ఇరవై నిమిషాలు చాలు. అందులో పదిహేను నిమిషాలు అవతలి మనిషే మాట్లాడాలి. ‘సంఘంలో చేరతావా’ అని మొదలుపెడితే అక్కడితో సరి. ‘పోయిన నెల నీ ఆఫ్‌లు ఎన్ని పోయాయి?’ అని అడిగి చూడండి.

గంటల లెక్క రాయించడం మంచి పద్ధతి. నాలుగు వారాలకు 144 గంటలు మించి పని చేయించకూడదని 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న లేబర్ కోడ్‌లు (పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన కొత్త చట్టాలు) అమల్లోకి వచ్చి ఆ చట్టం వాటిలో కలిసిపోయినా 144 అంకె మాత్రం అలాగే ఉంది. రోజుకు ఆరు గంటల చొప్పున వారానికి ఆరు రోజులంటే 36 గంటలు. నాలుగు వారాలకు సరిగ్గా 144. ఇప్పుడు మీ సహోద్యోగి జేబు పుస్తకంలో మూడు రోజులు రాశాడనుకోండి: ‘సోమ 4.10 – 12.50. మంగళ 4.00 – 1.20. బుధ ఆఫ్, రమ్మన్నారు, 6.00 – 11.30.’ మూడు రోజులకే 23 గంటల 30 నిమిషాలు. ఇంకా నాలుగు రోజులుండగా వారం కోటాలో మిగిలింది పన్నెండున్నర గంటలే. ఈ కూడిక ఆయన చేతే చేయించండి. తర్వాత మీరు పెద్దగా చెప్పాల్సింది ఉండదు.

అప్పుడు ఫారం తీయండి. మళ్లీ ‘చూద్దాంలే’ అంటే ‘రేపు నీ ఆఫ్ కదా, గురువారం కనబడతాను’ అని రోజు చెప్పండి. గురువారం తప్పకుండా వెళ్లండి. సభ్యత్వాలు ఎక్కువగా ఖాయమయ్యేది ఈ రెండో దఫాలోనే. ఆ రెండో దఫా వెళ్లేవాళ్లే ఉండరు.

దీంతోపాటు ఒక చిన్న పని ఎత్తుకోండి. అది ఎక్కువమందికి తగిలేది, మీ యూనిట్ మేనేజరే తేల్చగలిగేది అయి ఉండాలి. రాత్రి డ్యూటీ దిగాక తాడేపల్లి, మంగళగిరి వైపు వెళ్లేవాళ్లకు వాహనమో, పోయిన ఆఫ్‌కు బదులు ఆఫో. అర్జీ మీద సభ్యులు కానివాళ్లతోనూ సంతకాలు పెట్టించండి. సంతకం చేసి కూడా సభ్యుడు కానివాడు మీ తర్వాతి జాబితాలో మొదటి పేరు. ఇళ్ల స్థలం ఆశ చూపి మాత్రం ఎవరినీ చేర్చొద్దు. అది ఇచ్చేది సంఘం కాదు. రాకపోతే తిట్లు తినేది చేర్చినవాడు.

ప్రశ్న: మా యూనిట్‌లో రెండు సంఘాలున్నాయి. గుర్తింపు రావాలంటే సగం మంది జర్నలిస్టులు మావైపు ఉంటే చాలు కదా? (ఓ రిపోర్టర్, విజయవాడ)

జవాబు: చాలదు. పైన చెప్పిన లేబర్ కోడ్‌లలో ఒకటైన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఒకటికి మించి సంఘాలున్నచోట యాజమాన్యంతో ఏకైక సంప్రదింపుల సంఘంగా కూర్చోవాలంటే మస్టర్ రోల్ (సిబ్బంది హాజరు పట్టీ) మీదున్న కార్మికుల్లో 51 శాతం మద్దతు కావాలి. ఏ సంఘానికీ అంత లేకపోతే 20 శాతానికి తగ్గని సంఘాలతో కౌన్సిల్ వేస్తారు. ‘కార్మికులు’ అన్న మాటలో వర్కింగ్ జర్నలిస్టులూ ఉన్నారు. వాళ్లతోపాటు ప్రింటింగ్, సర్క్యులేషన్, యాడ్స్ సిబ్బందీ లెక్కలోకి వస్తారు. మీ యూనిట్ మస్టర్‌లో 180 మంది ఉండి, అందులో 64 మంది జర్నలిస్టులైతే ఆ 64 మందీ మీ వాళ్లే అయినా 51 శాతానికి కావలసిన 92 కి 28 తక్కువ. కౌన్సిల్‌లో చోటుకు కావలసిన 36 మాత్రం దాటతారు. ప్రెస్ సెక్షన్ వాళ్లతో మాట కలపకుండా ‘మేం కలం కార్మికులం, వాళ్లు వేరు’ అని కూర్చున్న సంఘాలు ఇక్కడే ఇరుక్కుంటాయి.

కొత్త సంఘం రిజిస్టర్ చేయించాలనుకునేవాళ్లు అడుగుతున్నారు కాబట్టి ఇదీ చెబుతాం. దరఖాస్తుకు ఏడుగురు చాలు. అయితే దరఖాస్తు నాటికి ఆ సంస్థలోనో పరిశ్రమలోనో పనిచేసేవాళ్లలో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. ఎలా చూసినా ఏడుకు తగ్గకూడదు.

ప్రశ్న: నిరుడు మహాసభకు ముందు మా శాఖ సభ్యత్వం 212. ఈ ఏడాది రెన్యువల్ చేసుకున్నది 97 మంది. 115 మంది ఎందుకు పోయారో అంతుబట్టడం లేదు. (ఓ కోశాధికారి, గుంటూరు)

జవాబు: వాళ్లలో కొందరు మొదట్నుంచీ లేరేమో చూసుకోండి. నిరుటి రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్లు ముందేసుకుని కూర్చోండి. వరస నంబర్లు, ఒకే తేదీ, ఒకే చేతిరాత, నాలుగైదు రసీదుల మీద ఒకే ఫోన్ నంబరు కనిపిస్తే ఆ చందా సభ్యుడు కట్టలేదు. మహాసభలో డెలిగేట్ల సంఖ్య పెంచుకోవడానికి ఎవరో కట్టారు. వాళ్లను పోగొట్టుకున్నట్టు లెక్కవేయడం అనవసరం. ఈ జబ్బు అన్ని జెండాల కింద ఉన్నదే. మందు ఒకటే: చందా సభ్యుడి సొంత ఖాతా నుంచో, సొంత చేతి నుంచో రావాలని నిబంధన పెట్టుకుని, మహాసభకు మూడు నెలల ముందే ఓటర్ల జాబితా మూసేయడం.

మిగిలినవాళ్లకు ఫోన్ చేయండి. జిల్లా కార్యదర్శి చేత చేయించొద్దు, అదే ఆఫీసులో పనిచేసే సభ్యుడి చేత చేయించండి. జవాబులు మూడు కుప్పలుగా పడతాయి. ఉద్యోగం మానేసినవాళ్లు, ఊరు మారినవాళ్లు ఒక కుప్ప. అక్రెడిటేషన్ (ప్రభుత్వం జర్నలిస్టులకు ఇచ్చే గుర్తింపు) కోసం చేరి, కార్డు చేతికొచ్చాక మళ్లీ కనిపించనివాళ్లు రెండో కుప్ప. మూడోది అన్నిటికన్నా పెద్దదిగా ఉంటుంది: ‘నన్నెవరూ అడగలేదండీ.’ అలిగి పోయినవాళ్లు మీరు అనుకున్నంతమంది ఉండరు.

జిల్లాల విభజన వల్ల కూడా కొన్ని పేర్లు జారిపోతాయి. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్లగా విడిపోయింది. మీ రిజిస్టర్ అంతకుముందుదైతే నరసరావుపేట, సత్తెనపల్లి, బాపట్ల పేర్లు మీ పుస్తకంలోనూ ఉండి, అక్కడి కొత్త శాఖ పుస్తకంలోనూ ఉండొచ్చు. ఎవరి పుస్తకంలోనూ లేకుండానూ పోవచ్చు. రెండు శాఖల కోశాధికారులూ ఒక పూట కూర్చుని సరిచూసుకోవాలి.

ఇక చందా వసూలు. కోశాధికారి సొంత ఫోన్‌పే నంబరుకు డబ్బు వేయించుకోవడం చాలాచోట్ల జరుగుతోంది. అది రెండు రకాలుగా దెబ్బ. ఆడిట్‌లో ఏది చందా, ఏది ఆయన ఇంటి డబ్బు అని విడదీయలేరు. కోశాధికారి మారగానే సభ్యులు డబ్బు పాత నంబరుకు వేస్తారు, కొత్తాయన పుస్తకంలో బకాయి కనిపిస్తుంది, ‘కట్టాను’ ‘కట్టలేదు’ అని మాటా మాటా పెరుగుతుంది. సంఘం పేరున బ్యాంకు ఖాతా, ఇద్దరి ఉమ్మడి సంతకాలు, ఆ ఖాతాకే క్యూఆర్ కోడ్ ఉండాలి. డబ్బు పడిన రోజే నంబరున్న రసీదు సభ్యుడికి చేరాలి. ఫొటో తీసి పంపినా సరే.

ఏడాదికి 600 ఒకేసారి అడిగే సంఘం సభ్యుడికి ఏడాదికి ఒక్కసారే కనిపిస్తుంది. నెలకు 50 వసూలు చేయడం తలనొప్పి. మధ్యేమార్గంగా మూడు నెలలకు 150 బాగుంటుంది. ఏడాదికి నాలుగుసార్లు పలకరింపు ఉంటుంది. రాతపూర్వకంగా ఒప్పుకుంటే జీతంలోంచే సంఘం చందా కోయించుకోవడానికి చట్టం వీలిస్తుంది. చిన్న జర్నలిస్టు సంఘాలకు మేం దాన్ని సిఫారసు చేయం. సభ్యుల జాబితా మొత్తం మన చేత్తోనే యాజమాన్యం బల్ల మీద పెట్టినట్టు అవుతుంది.

చేరిన మొదటి నెల మీద దృష్టి పెట్టండి. పది పన్నెండు మంది సభ్యులకు ఒక డెలిగేట్‌ని పెట్టండి. కొత్త సభ్యుడికి వారంలోపు ఆయన ఫోన్ చేయాలి, నెలలోపు ఓ చిన్న పని అప్పజెప్పాలి. తన డెస్కులో నలుగురి గంటల లెక్క తేవడం, సంతకాల కాగితం తిప్పడం వంటివి చాలు. చేసిన పని ఉన్నవాడు రెన్యువల్‌కు తనే వస్తాడు.

ఫిర్యాదులకు ఒక రిజిస్టర్ పెట్టండి: తేదీ, ఎవరు, ఏమిటి, ఎవరికి అప్పజెప్పాం, తిరిగి చెప్పాల్సిన తేదీ. ఆ చివరి గడి ఖాళీగా ఉంటే రిజిస్టర్ ఉన్నా లేనట్టే. పని కాలేదన్నా ఆ తేదీకి ఫోన్ చేసి ‘కాలేదు, కారణం ఇదీ’ అని చెప్పాలి. పని కాకపోతే జనం ఓర్చుకుంటారు, కబురు లేకపోతే ఓర్చుకోరు. మీటింగ్ వేళ కూడా చూసుకోండి. సాయంత్రం 5 గంటలకు పెట్టే మీటింగ్‌కు డెస్కు వాళ్లు ఎలా వస్తారు? ఉదయం 11 గంటలకు పెట్టి, గంటలో ముగించండి. సన్మానాలూ శాలువాలూ వేరే రోజు పెట్టుకోవచ్చు.

ప్రశ్న: నేను మండల విలేకరిని. లైన్ అకౌంట్ మీద (అచ్చయిన వార్తల లెక్కన) నెలకు వచ్చేది పెట్రోలుకు సరిపోదు. పక్కన జిరాక్స్ షాపు నడుపుతున్నాను. మేం వర్కింగ్ జర్నలిస్టులం కాదని ఒకాయన అన్నారు. సంఘంలో చేరొచ్చా? (ఓ విలేకరి, సత్తెనపల్లి)

జవాబు: ముందుగా, సంఘంలో చేరడం, చట్టం కింద హక్కు అడగడం ఒకటి కాదు. మొదటిది సంఘం నియమావళిని బట్టి ఉంటుంది. మీలాంటి కంట్రిబ్యూటర్లకు తలుపు తీసిన సంఘాలు ఉన్నాయి, మీరు చేరొచ్చు.

రెండో సంగతికొస్తే, చట్టంలోని వర్కింగ్ జర్నలిస్టు నిర్వచనంలో ‘పూర్తికాలం గానీ పాక్షికంగా గానీ’ అని స్పష్టంగా ఉంది. కాబట్టి పార్ట్‌టైమ్ అయినంత మాత్రాన మీరు బయటివారు కారు. తేలాల్సినవి రెండు: జర్నలిజం మీ ప్రధాన వృత్తా, మిమ్మల్ని ఆ సంస్థ పనిలో పెట్టుకుందా. జిరాక్స్ షాపు మీ రోజులో ఎంత, వార్తలు ఎంత అన్నది మొదటిది తేలుస్తుంది. రెండోది కాగితాలు తేలుస్తాయి. నియామక పత్రం మండల విలేకరులకు ఎలాగూ ఇవ్వరు. అందుకే గుర్తింపు కార్డు నకలు, బ్యాంకులో పడిన లైన్ అకౌంట్ డబ్బు, ‘ఈ సాయంత్రానికి ఫలానా ఐటమ్ పంపు’ అని డెస్కు నుంచి వచ్చిన మెసేజ్‌లు, జనవరి 26, ఆగస్టు 15 ప్రకటనల టార్గెట్ చెప్పిన మెసేజ్‌లు తేదీలతో సహా దాచండి. ఫోన్ పోతే సాక్ష్యం పోతుంది. నెలకోసారి వేరేచోట భద్రపరచుకోండి.

సంఘాలకూ ఒక మాట. మండల విలేకరిని డెస్కు ఉద్యోగితో సమానంగా 600 అడిగితే రాడు. సగం చందా పెట్టి, ఓటు మాత్రం పూర్తిగా ఇవ్వండి. ఓటు లేని ‘అనుబంధ సభ్యత్వం’ ఇచ్చినచోట రెండో ఏడు ఎవరూ మిగలరు.

ప్రశ్న: సంఘం ఏం చేసిందని చేరాలి? నా జీతం నేను మాట్లాడుకున్నదే. (ఓ యువ సబ్ ఎడిటర్, గుంటూరు)

జవాబు: 1950లో ఢిల్లీలో భారత వర్కింగ్ జర్నలిస్టుల సమాఖ్య ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షుడు మన తెలుగువాడే, మానికొండ చలపతిరావు గారు. 1952లో ప్రెస్ కమిషన్, 1955లో చట్టం వచ్చాయి. పైన చెప్పిన 144 గంటలు అందులోవే. పత్రికా సిబ్బంది జీతాల మీద మజీఠియా వేజ్ బోర్డు చేసిన సిఫారసులను 2011 నవంబరు 11న నోటిఫై చేస్తే యాజమాన్యాలు కోర్టుకెక్కాయి. 2014 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. కాంట్రాక్టు ఉద్యోగులకూ అవి వర్తిస్తాయని 2017 జూన్ 19న తేల్చింది. మీ జీతం మీరే మాట్లాడుకుని ఉండొచ్చు. మాట్లాడుకున్నది పీఎఫ్ ఖాతాలో పడుతోందో లేదో ఈ రాత్రి ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి చూసుకోండి. తేడా కనిపిస్తే ఒంటరిగా వెళ్లి అడుగుతారో, నలుగురితో వెళ్తారో అప్పుడు నిర్ణయించుకోవచ్చు.

ప్రశ్న: సభ్యత్వాలు చేయిస్తున్నానని తెలిసి నన్ను దూరపు యూనిట్‌కు బదిలీ చేశారు. వెళ్లకుండా పోరాడమంటున్నారు మావాళ్లు. (పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: మీవాళ్లు అన్నారని ఇంట్లో కూర్చోవద్దు. గైర్హాజరు పేరుతో ఎంక్వైరీ వేస్తారు, అప్పుడు గొడవ బదిలీ గురించి కాకుండా మీ క్రమశిక్షణ గురించి అవుతుంది. అభ్యంతరం రాతలో ఇచ్చి, రసీదు తీసుకుని, గడువులోపు వెళ్లి చేరండి. కక్షతో చేసే బదిలీని చట్టం అనుచిత కార్మిక చర్యల జాబితాలో పెట్టింది. కార్మిక శాఖలో రాజీ కుదిర్చే కన్సిలియేషన్ అధికారి ముందు సంఘం వివాదం వేయాలి. అక్కడ తేలకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. ఉద్యోగం నుంచే తీసేస్తే మాత్రం రెండేళ్ల గడువు మరవొద్దు.

ఈ కేసులు వీగిపోయేది ఎక్కువగా ఒకే కారణంతో: ‘ఈయన సంఘం నాయకుడని మాకు తెలియదు’ అని యాజమాన్యం అంటుంది, తెలుసని చూపే కాగితం సంఘం దగ్గర ఉండదు. అందుకే ఎన్నిక జరిగిన వారంలోపు కార్యవర్గం పేర్లు యాజమాన్యానికి పంపి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. రక్షిత కార్మికుల హోదా కోసం పేర్లు ఏటా విడిగా పంపాలి. వివాదం నడుస్తుండగా ఆ హోదా ఉన్నవాళ్లను అనుమతి లేకుండా తీసేయడానికి వీల్లేదు. సంస్థలోని కార్మికుల్లో ఒక శాతం, కనీసం ఐదుగురికి ఆ హోదా దక్కుతుంది. కొత్తవాళ్లను చేర్చేటప్పుడు ‘నీకేం కాదు’ అని మాటివ్వకండి. ఏం జరగొచ్చో, జరిగితే ఏ కాగితం కాపాడుతుందో చెప్పండి.

ప్రశ్న: యూట్యూబ్ ఛానల్ వాళ్లను చేర్చుకోవచ్చా? (ఓ శాఖ కార్యదర్శి, తెనాలి)

జవాబు: కొత్త లేబర్ కోడ్‌లో వర్కింగ్ జర్నలిస్టు నిర్వచనంలోకి ఎలక్ట్రానిక్, డిజిటల్ మీడియా వచ్చాయి. జీతానికి పనిచేసే యాంకర్, కెమెరామన్, వీడియో ఎడిటర్ ఎవరి దగ్గర పనిచేస్తున్నారో కాగితం చూసి చేర్చుకోండి. ఛానల్ యజమానే తన మైకు పట్టుకుని వస్తే ఆయన యజమాని. అదే ఆఫీసులో పనిచేసే కుర్రాడి ఫిర్యాదు రేపు మీ దగ్గరకు వస్తే ఎవరి పక్షాన కూర్చుంటారు?

ప్రశ్న: మా శాఖలో మహిళలు ముగ్గురే. పిలిచినా రారు. (ఓ ఉపాధ్యక్షుడు, విజయవాడ)

జవాబు: ఏ వేళకు పిలిచారు, ఎక్కడికి పిలిచారు? రాత్రి 8 గంటలకు గాంధీనగర్‌లో మీటింగ్ పెట్టి, పది దాటాక ఇంటికెళ్లే దారి ఎవరిది వాళ్లే చూసుకోవాలంటే రారు. మహిళా సబ్ ఎడిటర్ల పని షరతులను సంఘం ఎజెండాలో మొదటి అంశం చేయండి. సాయంత్రం 7 తర్వాత, ఉదయం 6 లోపు మహిళల చేత పని చేయించాలంటే వాళ్ల సమ్మతి, భద్రత ఏర్పాట్లు ఉండాలని కోడ్ చెబుతోంది. పది మంది లేదా అంతకు మించి పనిచేసే ఆఫీసులో పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి తెచ్చిన 2013 చట్టం కింద, ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. మీ ఊళ్లో ఎన్ని ఆఫీసుల్లో ఆ కమిటీ సభ్యుల పేర్లు గోడ మీద ఉన్నాయో ఒక వారం తిరిగి రాసుకోండి. ఆ జాబితా పట్టుకుని ఉన్న ముగ్గురినే ముందు కూర్చోబెట్టి, తర్వాత ఎవరి దగ్గరకు ఎవరు వెళ్లాలో వాళ్లనే తేల్చమనండి. వచ్చే ఎన్నికల్లో వాళ్లకు ‘మహిళా విభాగం’ అంటగట్టకుండా కోశాధికారి పదవికో, కార్యదర్శి పదవికో పేరు ప్రతిపాదించండి.